విజయవాడకి గంట, హైదరాబాద్‌కీ గంటేనా?

ఈ శీర్షికలో జవాబులిస్తున్నది విశాఖపట్నం ఎయిర్‌పోర్టులో ఒక విమాన సంస్థ గ్రౌండ్ స్టాఫ్‌గా పనిచేసి రిటైరైన మహిళ. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దూరాల గురించి, విమానాల టైముల గురించే.

ప్రశ్న: మేడమ్ గారూ, విశాఖ నుంచి విజయవాడకి గాల్లో దూరం 300 కిలోమీటర్ల లోపేనట. విమానం గంటకి 800 కిలోమీటర్లు పోతుందట. ఆ లెక్కన 22 నిమిషాల్లో దిగిపోవాలి. టికెట్ మీద మాత్రం గంటా 5 నిమిషాలు వేశారు. హైదరాబాద్‌కి ఇంకో 200 కిలోమీటర్లకు పైనే ఎక్కువ కదా, దానికేమో గంటా 20 నిమిషాలే. ఇదేం లెక్క? ఎక్కడో ఏదో మోసం ఉందనిపిస్తోంది. (ఒక పాఠకుడు, మర్రిపాలెం)

జవాబు: మోసం లేదండీ. లెక్క బాగానే వేశారు. కాకపోతే విమానం మెట్లు తీసేసిన క్షణం నుంచే 800 స్పీడులో దూసుకుపోయినట్టు వేశారు.

టికెట్ మీద ఉండేది గాల్లో ఎగిరే సమయం కాదు. విమానం చక్రాల కింద అడ్డుదిమ్మలు పెడతారు చూడండి, చాక్స్ అంటాం. బయల్దేరే ఊళ్లో అవి తీసిన దగ్గర్నుంచి, దిగే ఊళ్లో మళ్లీ పెట్టేదాకా ఎంతసేపో అదే మీ టికెట్ మీద ఉన్న సమయం. మా భాషలో బ్లాక్ టైమ్. అందులో వెనక్కి నెట్టడం, ఇంజన్లు స్టార్ట్ చేయడం, రన్‌వే కొస దాకా నెమ్మదిగా పాక్కుంటూ వెళ్లడం, అక్కడ వంతు కోసం ఆగడం అన్నీ ఉంటాయి. మన ఎయిర్‌పోర్టు ఉన్నది ఐఎన్ఎస్ డేగా అనే నేవీ వాళ్ల విమాన స్థావరంలో. టవర్ వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. వాళ్ల హెలికాప్టర్లు, డోర్నియర్ విమానాలు తిరుగుతుంటే మనం ఆగాలి. ఎక్కిన వాళ్లంతా కిటికీలోంచి చూసి విసుక్కుంటారు గానీ, అది ముందు వాళ్ల ఇల్లు, తర్వాతే మనది.

ఇక గాల్లోకి లేచాక. 10,000 అడుగుల ఎత్తు దాటేదాకా మామూలుగా 250 నాట్లకి మించి పోనివ్వరు. అంటే గంటకి దాదాపు 460 కిలోమీటర్లు. మీరు చెప్పిన 800 వచ్చేది బాగా పైకెక్కాక. దిగేటప్పుడూ అంతే. ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు కావాలని పైలట్లు చెప్పే మోటు లెక్క ఒకటుంది. విజయవాడ ఫ్లైటు 24,000 అడుగుల దాకా ఎక్కిందనుకోండి, గన్నవరంలో దిగడానికి 72 నాటికల్ మైళ్ల ముందే, అంటే 130 కిలోమీటర్లకి పైగా దూరం ఉండగానే దిగడం మొదలుపెట్టాలి. మన రెండు ఎయిర్‌పోర్టుల మధ్య ఉన్నదే 290 కిలోమీటర్లు! ఎక్కడానికి పోయింది పోగా, పైన నిలకడగా ఎగిరేది కాస్తే. అమ్మాయి మీకు నీళ్ల సీసా ఇచ్చి వెనక వరస దాకా వెళ్లేలోపు సీటు బెల్టు లైటు వెలుగుతుంది.

ఇప్పుడు హైదరాబాద్ సంగతి. శంషాబాద్‌కి ఇక్కణ్ణుంచి తిన్నగా 510 కిలోమీటర్లు. విజయవాడ కంటే ఎక్కువైన ఆ 220 కిలోమీటర్లూ పూర్తి స్పీడులో పోయేవే. నిమిషానికి 14 కిలోమీటర్ల చొప్పున అది 16 నిమిషాల పని. మీ టికెట్ల మధ్య తేడా ఎంత? 15 నిమిషాలు. అంతే కదా!

ఈ ఉత్తరాలు చదివే వాళ్లంతా చేసుకోగలిగే లెక్క ఒకటి చెబుతాను. జెట్ విమానమైతే తిన్నగా ఉన్న దూరాన్ని 14తో భాగించి, దానికి 40 నిమిషాలు కలపండి. విశాఖ నుంచి చెన్నైకి 620 కిలోమీటర్లు, గంటా 24 నిమిషాలు వస్తుంది. బెంగళూరు 775, గంటా 35 నిమిషాలు. ఢిల్లీ దాదాపు 1,355, రెండుంపావు గంటలు. టైంటేబుల్‌తో పోల్చి చూడండి, అయిదో పదో నిమిషాల తేడాలో సరిపోతుంది. ఇది ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు, డ్యూటీలో ప్రయాణికులకి జవాబు చెప్పీ చెప్పీ నేను కట్టుకున్న లెక్క.

రెక్కల ముందు పంకాలు తిరిగే ఏటీఆర్ ఎక్కితే మాత్రం లెక్క మారుతుంది. అది గంటకి 500 కిలోమీటర్లు పోతుంది, అంటే నిమిషానికి ఎనిమిది చిల్లర. కానీ అంత పైకి ఎక్కదు, ఎక్కడం దిగడం త్వరగా తేలిపోతుంది. అందుకని కలపాల్సింది 40 కాదు, 30. విజయవాడకి 35, 30 కలిపితే గంటా 5 నిమిషాలు. జెట్‌తో పోలిస్తే పోయేది నాలుగైదు నిమిషాలే, నూనె ఖర్చు మాత్రం చాలా తక్కువ. దగ్గర ఊళ్లకి ఈ విమానాలనే వేసేది అందుకే. "అయ్యో, పంకాల విమానమా" అని మొహం ముడుచుకునే వాళ్లని చాలామందిని చూశాను. ఆ ముడతకి ఈ దూరంలో అర్థం లేదు. ఢిల్లీకైతే నేనూ ముడుచుకుంటాను.

ప్రశ్న: మా విమానం విజయవాడలో 20 నిమిషాలు ఆలస్యంగా కదిలింది. విశాఖలో మాత్రం చెప్పిన టైముకే దిగింది. పైలట్ స్పీడు పెంచాడని మా వారు, అలా పెంచితే ప్రమాదం కదా అని నేను. ఎవరిది రైటు? (ఒక గృహిణి, సీతమ్మధార)

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా. ఇంత చిన్న దూరంలో స్పీడు పెంచి మిగుల్చుకునేది ఒకటి రెండు నిమిషాలే. ఆ 20 నిమిషాలు గాల్లో దొరకలేదు, టైంటేబుల్లోనే దాచి ఉన్నాయి. చెప్పిన టైముకి 15 నిమిషాల లోపు చేరితే ఆ విమానం టైముకి వచ్చినట్టే లెక్క. ఆ లెక్కలో పేరు పోకూడదని కంపెనీలు కాస్త వదులుగానే టైము వేసుకుంటాయి.

విశాఖలో ఆ వదులు అవసరం కూడా ఉంది. మన రన్‌వే పడమర నుంచి తూర్పుకి, సముద్రం వైపుకి చూస్తూ ఉంటుంది. ఉత్తరాన సింహాచలం కొండ, దక్షిణాన యారాడ కొండ. విజయవాడ నుంచి వచ్చే విమానం నైరుతి నుంచి వస్తుంది కదా, తిన్నగా దిగిపోవచ్చు అనిపిస్తుంది. కానీ సముద్రం వైపు నుంచి దించాల్సిన రోజున ఊరు దాటి నీళ్ల మీదికి పోయి, తిరిగి వెనక్కి మళ్లి, పోర్టు మీదుగా వచ్చి దిగాలి. ఆ చుట్టు కలిసిన రోజు ఒక టైము, కలవని రోజు ఇంకో టైము. మీరు వచ్చిన రోజు బహుశా గాలి కలిసొచ్చి తిన్నగా దించేసి ఉంటారు.

ప్రశ్న: ఆంటీ, నేను తొమ్మిదో తరగతి. అట్లాస్‌లో అక్షాంశాలు, రేఖాంశాలు చూసి రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం కట్టొచ్చా? నాటికల్ మైలు అంటే మామూలు మైలేనా? (ఒక విద్యార్థి, గోపాలపట్నం)

జవాబు: కట్టొచ్చు నాన్నా. నీకు పైథాగరస్ వచ్చేసి ఉంటే చాలు. ఎయిర్‌పోర్టు మీ ఇంటికి దగ్గరే, అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

విశాఖ ఎయిర్‌పోర్టు 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. గన్నవరం 16.53, 80.80 (చిన్న భిన్నాలు వదిలేశాను). ఉత్తర దక్షిణాల తేడా 1.19 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశానికి 111 కిలోమీటర్లు, కాబట్టి 132 కిలోమీటర్లు. తూర్పు పడమరల తేడా 2.42 డిగ్రీలు. ఇక్కడ 111తో గుణించకూడదు, ఇదే అందరూ పొరబడే చోటు. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గర పడతాయి. మన అక్షాంశం దగ్గర ఒక డిగ్రీకి దాదాపు 106 కిలోమీటర్లే. అంటే 257. ఇప్పుడు 132 వర్గం, 257 వర్గం కలిపి వర్గమూలం తీయి. 289 వస్తుంది. అసలు దూరం 290. ఒక కిలోమీటరు తేడాకి మీ మాస్టారు మార్కులు కోయరులే. భూమి గుండ్రంగా ఉంది కదా అని అడుగుతావేమో. ఇంత దగ్గర దూరాల్లో ఆ వంపు వల్ల తేడా పెద్దగా రాదు. ఢిల్లీకి కాస్త వస్తుంది, లండన్‌కి ఈ పద్ధతి పనికేరాదు.

నాటికల్ మైలు వేరే. రోడ్డు మైలు 1.609 కిలోమీటర్లయితే ఇది 1.852. ఒక డిగ్రీ అక్షాంశాన్ని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నాటికల్ మైలు. మ్యాపు పక్కనున్న గీతలే కొలబద్ద అన్నమాట, అందుకే ఓడల వాళ్లు, విమానాల వాళ్లు దాన్ని వదలరు. గంటకి ఒక నాటికల్ మైలు స్పీడుని నాట్ అంటారు. విజయవాడ మనకి 157 నాటికల్ మైళ్లు. ఇదే పద్ధతిలో రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి నువ్వే కట్టు: 17.11 ఉత్తరం, 81.82 తూర్పు. జవాబు 165 దరిదాపుల్లో రాకపోతే గుణకారం మళ్లీ చూసుకో.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఎంవీపీ కాలనీ నుంచి విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర మా అక్క వాళ్లింటికి పంపాలి. గంటలో చేరతారు కదా అని విమానం బుక్ చేద్దామనుకుంటున్నా. ఆయనేమో రైలే అంటున్నారు. మీరు చెబితే వింటారు. (ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ)

జవాబు: నేను చెబితే మీరు వింటారా అన్నది అసలు ప్రశ్న! నేను బతికింది విమానాల మీద, అయినా మీ నాన్నగారి వైపే ఉంటాను.

గంటలో చేరేది ఒక ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో ఎయిర్‌పోర్టుకి. ఆయన ఇంటి నుంచి బయల్దేరాలి. ఎంవీపీ నుంచి తాటిచెట్లపాలెం, ఎన్ఏడీ మీదుగా ఎయిర్‌పోర్టుకి ముప్పావు గంట పెట్టుకోండి, ఆఫీసుల వేళయితే ఇంకా ఎక్కువ. డొమెస్టిక్ ఫ్లైటుకి సాధారణంగా గంట ముందే కౌంటరు మూసేస్తారు, కాబట్టి గంటన్నర ముందు అక్కడ ఉండాలి. ఆపైన విమానంలో గంటా 5 నిమిషాలు. బెల్టు దగ్గర సంచీ కోసం 15 నిమిషాలు. గన్నవరం నుంచి బెంజి సర్కిల్‌కి హైవే మీద 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఇంకో 40 నిమిషాలు. అన్నీ కలపండి. నాలుగుంపావు గంటలు అయింది.

వందే భారత్ కూడా విశాఖ స్టేషన్ నుంచి విజయవాడకి నాలుగు గంటల పైచిలుకే. 2023 సంక్రాంతికి మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో వాళ్లు కూడా దాని పార్టీయే. పట్టాల మీద 350 కిలోమీటర్లు, గాల్లో కంటే 60 ఎక్కువ, అయినా ఊరి మధ్యలో ఎక్కి ఊరి మధ్యలో దిగుతారు. ఇంటి నుంచి స్టేషనుకి, స్టేషన్ నుంచి ఇంటికి కలిపి ఇంకో గంట వేసుకున్నా, విమానం కంటే మహా అయితే ముప్పావు గంట, గంట ఎక్కువ. ఆ కాసేపటి కోసం క్యూలు, సెక్యూరిటీ దగ్గర బెల్టు తీయడాలు, బస్సెక్కి దిగి మెట్లెక్కడాలు మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఎందుకండీ? రైల్లో లేచి నాలుగడుగులు నడవచ్చు, గోదావరి చూడొచ్చు. ఆ వయసు వాళ్లకి రాజమండ్రి బ్రిడ్జి మీద రూపాయి వేసే అవకాశం కూడా... ఏసీ బోగీ కిటికీ తెరుచుకోదు, అది మాత్రం లోటే.

తెల్లారి రైలు కుదరక విమానమే ఎక్కించాల్సి వస్తే, టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ కావాలని రాయండి. ఎయిర్‌పోర్టుకి వచ్చాక అడిగితే దొరకదని కాదు, ముందు అడిగిన వాళ్లకి ముందు వస్తుంది. నడవగలిగినా అడగడానికి పెద్దవాళ్లు మొహమాటపడతారు. ఆ మొహమాటం మీరే తీర్చాలి.

హైదరాబాద్ అయితే జవాబు వేరే. అక్కడికి వందే భారత్‌లో కూడా ఎనిమిది గంటలు దాటుతుంది. శంషాబాద్ ఎంత దూరంగా ఉన్నా, విమానానిదే గెలుపు.

ప్రశ్న: ఢిల్లీ నుంచి వచ్చేటప్పుడు త్వరగా, వెళ్లేటప్పుడు నెమ్మదిగా. దూరం ఒకటే కదా? (ఒక ఉద్యోగి, అక్కయ్యపాలెం)

జవాబు: శీతాకాలంలో ఉత్తర భారతం మీద బాగా ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జోరుగా గాలి వీస్తుంది. ఢిల్లీ మనకి వాయవ్యంలో ఉంది కాబట్టి వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, వెళ్లేటప్పుడు ఎదురు నిలబడుతుంది. విజయవాడ ఫ్లైటు అంత ఎత్తుకి ఎక్కనే ఎక్కదు, అందుకే ఆ తేడా అక్కడ తెలియదు.

ప్రశ్న: మాది జయపూర్, ఒడిశాలో స్థిరపడిన తెలుగువాళ్లం. మా ఊరి నుంచి విశాఖకి తొమ్మిది సీట్ల చిన్న విమానం వేసినప్పుడు ఎక్కాను. ముప్పావు గంట చిల్లరలో దింపేసింది. రోడ్డు మీద అయితే ఒక పూట పోతుంది. అంత తేడా ఎలా? (ఒక వ్యాపారి, జయపూర్)

జవాబు: మీరెక్కింది సెస్నా కారవాన్, ఒకే ఇంజను. స్పీడు గంటకి 300 కిలోమీటర్ల పైన, ఈ కాలంలో అదేం గొప్ప స్పీడు కాదు. గొప్పదనం విమానానిది కాదు, మధ్యలో ఉన్న తూర్పు కనుమలది. మీ ఊరికీ మాకూ తిన్నగా ఉన్నది 150 కిలోమీటర్ల లోపే. రోడ్డు మాత్రం 200 దాటేస్తుంది, అందులో ఘాట్ మలుపులెన్నో! కొత్తవలస–కిరండూల్ రైలు మార్గమైతే అరకు కొండలు ఎక్కడానికి సొరంగం వెనక సొరంగంగా చుట్టుకుంటూ పోతుంది. విజయవాడ వైపు మాకు అంతా కోస్తా మైదానం. అక్కడ రోడ్డూ రైలూ గాలి దారికి దగ్గర దగ్గరగా పోతాయి కాబట్టి విమానానికి గట్టి పోటీ. కొండల వైపు పోటీయే లేదు. చిన్న విమానాలు వేయాల్సింది ఇలాంటి ఊళ్లకేనని నా గట్టి అభిప్రాయం. కాకపోతే కనుమల మీద వానాకాలపు మబ్బు చిన్న విమానానికి పెద్ద విషయం. వాతావరణం బాగాలేదని రద్దు చేస్తే తిట్టుకోకండి.

ప్రశ్న: విశాఖ విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకి మారితే విజయవాడ, హైదరాబాద్ విమానాల టైము పెరుగుతుందా? మాది కూర్మన్నపాలెం. (స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి)

జవాబు: విమానానికి పెరిగేది మూడు నిమిషాలు. మీకు పెరిగేది గంట పైనే.

భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం ఇప్పటి ఎయిర్‌పోర్టుకి ఈశాన్యంగా, గాల్లో ఓ 40 కిలోమీటర్ల దూరం. విజయవాడ నైరుతిలో ఉంది కాబట్టి అంత దూరమూ కలుస్తుంది, నిమిషానికి 14 చొప్పున మూడు నిమిషాలు. హైదరాబాద్ పడమర కాబట్టి కాస్త తక్కువే కలుస్తుంది. భువనేశ్వర్‌కి అయితే తగ్గుతుంది కూడా. నేవీ వాళ్ల వంతు కోసం ఆగే పని ఉండదు, రన్‌వే 3,800 మీటర్లు. ఆ మూడు నిమిషాలు అక్కడే తిరిగి వచ్చేయొచ్చు.

కానీ ఇప్పుడు మీరు గాజువాక దాటితే ఎయిర్‌పోర్టు. భోగాపురానికి గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, మధురవాడ, ఆనందపురం అన్నీ దాటుకుంటూ ఊరు ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్లాలి. అక్కణ్ణుంచి విజయవాడకి విమానం ఎక్కడమంటే, ముందు విజయవాడకి ఎదురు దిక్కులో గంటన్నర కారులో పోవడమే. మీ స్థానంలో నేనుంటే దువ్వాడ స్టేషన్లో రైలెక్కుతాను. విజయనగరం, శ్రీకాకుళం వాళ్ల లెక్క మాత్రం పూర్తిగా తిరగబడుతుంది. ఇన్నాళ్లూ విశాఖ ట్రాఫిక్‌లో చిక్కుకుని ఫ్లైట్లు పోగొట్టుకున్నది వాళ్లే. కౌంటరు మూసేశాక పరిగెత్తుకుంటూ వచ్చి ఎన్ఏడీ దగ్గర ఇరుక్కుపోయామని వాళ్లు చెబుతుంటే ఏమీ చేయలేక చూస్తూ నిలబడ్డ రోజులు నాకు చాలానే ఉన్నాయి.

ప్రశ్న: మా పాప మొదటిసారి విమానం ఎక్కుతోంది, విశాఖ నుంచి విజయవాడకి. సముద్రం కనబడాలంటే ఏ వైపు సీటు తీసుకోవాలి? (ఒక తల్లి, పెందుర్తి)

జవాబు: వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ, వచ్చేటప్పుడు కుడి కిటికీ. ఏటీఆర్ అయితే రెక్క పైన ఉంటుంది, కిందికి చూపుకి అడ్డు తక్కువ. వచ్చేటప్పుడు సముద్రం మీద మళ్లి దిగితే ఎడమ వైపు వాళ్లకి డాల్ఫిన్స్ నోస్, కుడి వైపు వాళ్లకి ఆర్కే బీచ్ కనిపిస్తాయి. రెక్క పక్క వరస వద్దు, అక్కడ ఇంజను హోరు ఎక్కువ. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చెవులు మూసుకుపోకుండా పాప నోట్లో ఏదైనా చప్పరించేది పెట్టండి.